మోటారుబండి దాహము

 

నీరు పల్లమెఱుగునని మనవారి సామెత. గెడ్డ కొండమీదినుండి దిగువకు పాఱునే గాని, దిగువనుండి కొండ ఎక్కదు. ఈ సంగతి మన గుమ్మలక్ష్మీపురపు కొండలలో పుట్టిన పసివానికైనను చెప్పనక్కఱలేదు. నీటికి ఏది ధర్మమో పెట్రోలునకును అదియే ధర్మము. అట్లయినచో, బండి వెనుకభాగమున, నేలకు దగ్గఱగా నున్న ట్యాంకులోని పెట్రోలు, ముందుభాగమున ఎత్తుగా నున్న యంత్రమును ఎట్లు చేరుచున్నది? బండి ఘాటీ ఎక్కునపుడు ముక్కు మీదికి లేచి, వెనుకభాగము మఱింత క్రుంగును గదా! అప్పుడైనను పెట్రోలు ఎగువకు ఎట్లు పోవుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ పూట నా ప్రసంగమునకు విషయము.

నేను భాషాపండితుడను. చిన్ననాడు గురువులకడ వ్యాకరణమును, కొంత తర్కమును చదువుకొని, మన్యపు పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. యంత్రశాస్త్రము నా విద్య గాదు. ఐనను, కార్యము కనబడినచోట కారణమును వెదకక మానరాదని తర్కము నాకు నేర్పినది. ఆ అలవాటే నన్ను ఈ విషయమునకు ఈడ్చికొనివచ్చినది.

కొన్నియేండ్ల క్రిందట మా ప్రాంతపు పెద్దలు కొందఱితో కలిసి హైదరాబాదు వెళ్లి, చౌమహల్లా రాజభవనమును చూచితిని. అచట పసుపుపచ్చని రోల్స్ రాయిసు మోటారు ఒకటి కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను దీనిని కోరి తెప్పించుకొనదలచెను. 1911 లో ఆయన కాలధర్మము నొందగా, బండి ఆయన కుమారుడును ఏడవ నిజామును అయిన ఉస్మాన్ అలీఖానుకు చేరినది. యంత్రమును, చట్రమును రోల్స్ రాయిసు వారు చేయగా, పైకట్టడమును ఇంగ్లండులోని బార్కరు వారు కట్టిరి. వెనుకభాగమున సింహాసనమువంటి ఎత్తయిన పీఠమున్నది. ఈ జాతి బండికి సిల్వర్ ఘోస్టు అని పేరు; అనగా వెండి దయ్యమని అర్థము. అంత పెద్ద బండి చప్పుడు లేకుండ వచ్చి ఎదుట నిలుచుటచే ఆ పేరు దానికి తగినది. దాని యంత్రమునకు ఆఱు సిలిండర్లు. వాని లోపలి పరిమాణము ఏడు లీటర్లకు పైబడినది.

చూడవచ్చినవారందఱు సింహాసనమును, మెఱుగులను చూచుచుండగా, మా వెంట వచ్చిన జాతాపు పెద్ద ఒకడు మాత్రము నడుము వంచి బండి అడుగుభాగమును పరికించి, లేచి నాతో ఇట్లనెను: "మాస్టారూ, దీనికి నూనె ఎక్కడ పోస్తారండీ? అక్కడినుంచి పొయ్యిదాకా ఎలాగెళ్తాది?"

ఆ మాటకు నా కప్పుడు సమాధానము తోచలేదు. ముప్పదియేండ్లు ప్రశ్నలు వేసినవాడను, ఒక్క ప్రశ్నకు తలవంచుకొంటిని. ఇంటికి వచ్చి, తెలిసినవారి నడిగి, గ్రంథములు చూచి తెలిసికొన్నదానిని ఈనాడు ఆయనకును మీకును విన్నవించుచున్నాను.

ముందుగా యంత్రము కోరునదేమో చూతము. యంత్రముప్రక్కన కార్బురేటరను చిన్న పాత్ర యుండును. అందులో గాలియు పెట్రోలును కలిసి, సిలిండర్లలోనికి పోయి, నిప్పురవ్వ తగిలి మండును. ఈ పాత్రలో పెట్రోలు ఎల్లప్పుడును ఒకే మట్టమున నిలువవలెను. తగ్గినచో యంత్రము ఆగిపోవును. పొర్లినచో పొగ క్రక్కి, ఒక్కొక్కప్పుడు అంటుకొనును. కావున పాత్రలో ఒక తేలెడి బుడ్డిని అమర్చిరి. పెట్రోలు నిండగానే బుడ్డి పైకి లేచి, సూదివంటి మూతతో దారిని మూయును. తగ్గగానే దిగి, దారిని తెఱచును. అనగా, ఇంత చాలునని చెప్పునది కార్బురేటరు. అడిగినప్పుడెల్ల తెచ్చి ఇచ్చునది మఱొకటి కావలెను. ఆ తెచ్చి ఇచ్చుపనిని మనుష్యులు నాలుగు విధములుగా సాధించిరి.

మొదటి విధము, పెట్రోలును ఎత్తున నుంచుట. మిద్దెమీద తొట్టి కట్టి, క్రింద కుళాయి త్రిప్పుటవంటిది. ఇందులో పంపు లేదు; చెడుటకు ఏమియు లేదు. 1908 మొదలు 1927 వఱకు అమెరికాలో ఫోర్డు వారు చేసిన మోడల్ టీ అను సామాన్యుల బండిలో చాలకాలము ట్యాంకు ముందు ఆసనము క్రింద నుండెడిది. సమభూమిపై బండి చక్కగా నడచెడిది. కొండ వాలు ఎక్కువయి, ట్యాంకులో పెట్రోలు తక్కువయినచో, కార్బురేటరు ట్యాంకునకు మీదయి, పెట్రోలు రాక బండి నిలిచెడిది. అప్పుడు నడుపువారు బండిని వెనుకకు త్రిప్పి, వెనుక గేరులో, వెనుకనడకతో కొండ ఎక్కెడివారు! వినుటకు నవ్వు వచ్చును గాని, ఉపాయము శాస్త్రసమ్మతమే. ట్యాంకు ఎగువకును, యంత్రము దిగువకును వచ్చినవి గదా!

సామాన్యుడు అట్లు చేయవచ్చును. సింహాసనముపై నిజాము కూర్చుండగా బండిని వెనుకనడకతో ఎక్కించుట ఎట్లు? మఱియు, పెద్ద బండికి పెద్ద ట్యాంకు కావలెను. అంత ట్యాంకును ప్రభువు ఆసనము క్రిందనో, యంత్రము పైనో ఉంచుట సుఖమును గాదు, క్షేమమును గాదు. అందుచే పెద్దబండ్లలో ట్యాంకు క్రిందికి, వెనుకకు పోయెను. పెట్రోలును ఎత్తవలసిన పని వచ్చి పడెను.

రెండవ విధము, గాలితో నెట్టుట. సిల్వర్ ఘోస్టు బండ్లు చాలకాలము దీనిని వాడినవి. దీనిని బోధపఱచుటకు మన పెండ్లిపందిళ్లలోని పెట్రోమాక్సు దీపము చాలును. దీపము అడుగున కిరసనాయిలు బుడ్డి. పైన వత్తి సంచి. బుడ్డిలోనికి చేతిపంపుతో గాలి కొట్టుదుము. ఆ గాలి నూనెను అదిమి, గొట్టముగుండ పైకి నెట్టును. గాలి తగ్గినచో వెలుగు మందగించును. మరల నాలుగు పోట్లు పొడుచుదుము. సిల్వర్ ఘోస్టులోను ఇంతే. ట్యాంకు మూత గాలి చొరకుండ బిగించి, నడుపువాడు తన ఎదుటనున్న చేతిపంపుతో ట్యాంకులోనికి గాలి కొట్టును. పెట్రోలు గొట్టములో ముందుకు సాగి కార్బురేటరును చేరును. యంత్రము మొదలైన పిదప, యంత్రముచేతనే నడచు చిన్న గాలిపంపు ఆ ఒత్తిడిని నిలుపుచుండును. కావలసిన ఒత్తిడియు స్వల్పమే. పెట్రోలును మూడడుగులు ఎత్తుటకు చదరపు అంగుళమునకు ఒక్క పౌను ఒత్తిడి చాలును. మన చుట్టునున్న గాలి సముద్రతీరమున చదరపు అంగుళమునకు దాదాపు 15 పౌన్ల బరువుతో అదుముచున్నదని తలచినచో, అది ఎంత కొంచెమో తెలియును.

ఐనను ఇందులో రెండు చిక్కులున్నవి. పెట్రోలు పోయుటకు మూత తీసినచో గాలియంతయు పోవును. మరల మొదటినుండి చేతిపంపు కొట్టవలెను. రెండవది భయంకరము. గొట్టమున ఎక్కడ చిన్న బీట పడినను, అదిమియున్న పెట్రోలు చిమ్మనగ్రోవివలె వేడి యంత్రముపై చిమ్మును. పెట్రోమాక్సు భగ్గుమన్నప్పుడు పందిరిలో జనము ఎట్లు పరుగెత్తుదురో చూచినవారికి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవ విధము, పీల్చుట. గెడ్డ ఒడ్డున పిల్లలు బొప్పాయికాడతో నీళ్లు పీల్చి త్రాగుదురు. నోటితో నీటిని లాగుచున్నామని వారు తలంతురు. నిజమునకు నోరు చేయునది కాడలోని గాలిని తీయుటయే. వెలుపలి గాలి నీటిమీద బరువు పెట్టి, దానిని కాడలోనికి నెట్టును. లాగుట యనునది కేవలము భ్రమ, నెట్టుటయే సత్యము. అందుచేతనే పీల్చుడు పంపుతో నీటిని సుమారు 34 అడుగులకు మించి ఎత్త వీలుకాదు. గాలి బరువు అంతవఱకే చాలును. ఇటలీదేశపు పండితుడు టోరిచెల్లి 1644 ప్రాంతమున ఈ మర్మమును తేటపఱచెను.

యంత్రము తానును శ్వాస తీయును. పిస్టను దిగునపుడు సిలిండరు గాలిని లోనికి పీల్చును. ఆ పీల్పునే పెట్రోలు తెచ్చుటకు వాడుకొనినచో వేఱే పంపు ఎందులకని 1910 ల దశకమున అమెరికావారు తలచిరి. షికాగో నగరపు స్టూవర్ట్ వార్నర్ సంస్థ ఇట్టి శూన్యపు తొట్టిని బాగుగ వ్యాప్తికి తెచ్చినది. ఇంగ్లండులో దీనికి ఆటోవాకు అని పేరు. 1925 లో సిల్వర్ ఘోస్టు తరువాత వచ్చిన ఫాంటం బండికి ఆటోవాకునే అమర్చిరి.

దీని పని ఇట్లు. యంత్రమునకు పైగా, అడ్డుపలకమీద, ఒక చిన్న తొట్టి. దాని లోపల మఱొక తొట్టి. లోపలి తొట్టినుండి ఒక గొట్టము యంత్రపు శ్వాసమార్గమునకు, ఒకటి వెనుకనున్న పెద్ద ట్యాంకునకు పోవును. లోతొట్టి ఖాళీ అయినపుడు అందలి బుడ్డి దిగి, శ్వాసగొట్టమును తెఱచును. యంత్రము గాలిని పీల్చగా అందు శూన్యమేర్పడి, పెట్రోలు పెద్ద ట్యాంకునుండి ఎక్కివచ్చును. నిండగానే బుడ్డి లేచి, పీల్పును మూసి, వెలుపలి గాలికి దారి ఇచ్చును. అప్పుడు పెట్రోలు తన బరువుచేతనే వెలితొట్టిలోనికి దిగి, అచటినుండి కార్బురేటరునకు జాఱును. అనగా, మిద్దెమీది తొట్టిని యంత్రము తన శ్వాసతో తానే నింపుకొనుచున్నది. ట్యాంకులో ఒత్తిడి లేదు. చిమ్ముననెడి భయము లేదు. చక్కని ఉపాయము!

ఇక్కడనే కొండ అడ్డు వచ్చినది. నడుపువాడు కాలితో మీట అదిమినపుడు యంత్రపు శ్వాసద్వారము బార్లా తెఱచుకొనును. ద్వారము విశాలమైనపుడు గాలి ధారాళముగ వచ్చును. శూన్యము దాదాపు పోవును. కాడ చీలినపుడు నోటికి నీరు రానట్లు, ఆటోవాకునకు పెట్రోలు రాదు. దీర్ఘమైన ఘాటీలో మీటను అదిమిపట్టి ఎక్కుచున్నచో, తొట్టిలోని నిలువ క్రమముగ అయిపోయి, బండి సగము కొండలో నిలిచెడిది. కావున ఎఱిగిన డ్రైవరు నడుమ నడుమ ఒక్క క్షణము కాలు తేల్చి, యంత్రమును ఊపిరి పీల్చుకొననిచ్చి, తొట్టి నిండిన పిదప మరల అదిమెడివాడు. ఈ రహస్యము తెలియనివాడు ఎంత వెలగల బండినైనను కొండమీద ఆపివేసెడివాడు. పెద్దలారా, ఇది గమనింపుడు: దాహము ఎక్కువైన చోటనే నీరు తక్కువ! ఈ లోపమును తీర్చుటకే నాలుగవ విధము పుట్టినది.

నాలుగవది అసలైన పంపు. దీనికి మాతృక మన కమ్మరి కొలిమితిత్తి. తిత్తి తెఱచినపుడు అడుగు తలుపు విచ్చుకొని గాలి లోనికి వచ్చును. అదిమినపుడు ఆ తలుపు మూతపడి, గాలి ముక్కుగుండ నిప్పుమీదికి పోవును. 1920 ల దశకపు చివరినుండి బండ్లలోనికి వచ్చిన పంపులోను తోలువలె వంగు పొర యొకటి, లోనికి తెఱచు తలుపొకటి, వెలికి తెఱచు తలుపొకటి యుండును. యంత్రములో తిరుగు ఇరుసుమీది ఉబ్బు ఒక మీటను త్రోయగా, మీట పొరను లాగును. పెట్రోలు లోనికి వచ్చును. తరువాత స్ప్రింగు పొరను నెట్టును. పెట్రోలు కార్బురేటరునకు పోవును. కార్బురేటరు నిండి దారి మూసినచో, పెట్రోలు కదలలేక పొరను పట్టి ఉంచును. మీట ఊరకే ఆడుచుండును. అడిగినంతయే ఇచ్చి, చాలనగానే ఆగుట దీని గుణము. యంత్రము తిరిగినంతసేపు ఇది పనిచేయును గాన, ఎక్కుడులో మీట అదిమినను దీనికి చింత లేదు.

ఇందులోను ఒక లోపమున్నది. దానిని నేను పుస్తకములో చదువలేదు, కన్నులతో చూచితిని.

1980 ల దశకము. నేను అప్పుడు పడుచుపంతులను. చైత్రమాసము, మిట్టమధ్యాహ్నము. కొండమీది గూడెమున ఒక సవర యువతికి నొప్పులు వచ్చి, కాన్పు కష్టమైనదని కబురు వచ్చినది. ఆమెను డోలీలో దింపుచున్నారు. బండి ఎంతవఱకు ఎక్కగలిగిన అంతవఱకు ఎక్కి ఎదురురావలెనని ప్రార్థన. ఒక పాత పెట్రోలు జీపు దొరికినది. డ్రైవరు నాకంటె పెద్దవాడు. తోడుగా నేను ఎక్కితిని. మొదటి గేరులో మెల్లగా ఎక్కుచుండగా, మూడవ మలుపులో జీపు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయెను. ఎంత త్రిప్పినను పలుకలేదు. ట్యాంకులో కఱ్ఱ పెట్టి చూచితిమి. సగము పెట్రోలు ఉన్నది.

"నూనె ఉందండి మాస్టారూ, గొంతుకలోకి దిగట్నేదు," అనెను డ్రైవరు.

అంతలో మీదినుండి డోలీ కనబడెను. మోయువారు నలుగురు; ముందు ఆమె తండ్రి. ఆమె మూలుగు వినబడుచున్నది. మేము చేతులు కట్టుకొని నిలిచితిమి. డ్రైవరు మాత్రము కలవరపడలేదు. యంత్రముప్రక్క పంపును చూపి, "దీనికి ఏడెక్కిపోనాది, తడిగుడ్డ కావాలండీ," అనెను. నేను గుడ్డకై వెదకుచుండగనే ఆ తండ్రి తన తలపాగా విప్పి, ప్రక్కనున్న గెడ్డలో ముంచి తెచ్చెను. డ్రైవరు దానిని పంపునకు, గొట్టమునకు చుట్టి, పైన నీళ్లు చిలుకరించుచుండెను. పావుగంట గడచెను. ఆ పావుగంట వంటి దీర్ఘకాలమును నేను మఱి ఎఱుగను. తరువాత రెండు మూడుసార్లు త్రిప్పగా జీపు పలికెను. తల్లిని ఎక్కించుకొని, తడిపాగా పంపునకు అట్లే ఉంచి, దిగువకు వచ్చితిమి. తల్లియు బిడ్డయు దక్కిరి. ఆ తండ్రి నూనెమరకల పాగాను తిరిగి తీసికొని, పిండి, తలకు చుట్టుకొని, కొండ ఎక్కిపోయెను.

ఆ దినమున జరిగినదేమో చాలకాలమునకు గాని నాకు తెలియలేదు. పెట్రోలు నీటికంటె చాల తక్కువ వేడిమికే ఆవిరి అగును. పీల్చు గొట్టములో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గినచో మఱింత సులభముగ ఆవిరి అగును. పంపు వేడి యంత్రమునకే అంటియున్నది. బండి మెల్లగా ఎక్కుటచే చల్లగాలి తగులదు. అందుచే పెట్రోలు గొట్టములోనే బుడగలైనది. తిత్తి ద్రవమును నెట్టగలదు గాని, బుడగను నెట్టలేదు. అదిమినచో బుడగ కుంచించుకొనును, వదలినచో విరియును. తడిపాగా వేడిని తీసివేయగా ఆవిరి మరల ద్రవమైనది. అంతియే శాస్త్రము. నాకు అది తెలియదు, డ్రైవరునకు తెలియును.

ఈ దోషమునకు మందు, పంపును వేడికి దూరముగ పెట్టుట. అందుకు విద్యుత్తు తోడ్పడినది. బ్రిటనులోని ఎస్.యు. సంస్థ చేసిన పంపులో పొరను అయస్కాంతము లాగును. లాగుట ముగియగానే విద్యుత్తు తెగిపోయి, స్ప్రింగు పొరను నెట్టి పెట్రోలును పంపును; నెట్టుట ముగియగానే విద్యుత్తు మరల అంటుకొనును. తాళము త్రిప్పగానే టకటకమని చప్పుడు. కార్బురేటరు నిండగానే చప్పుడు ఆగును. టకటక ఆగక వేగముగ సాగుచున్నచో, ట్యాంకు ఖాళీ అయి పంపు గాలిని మ్రింగుచున్నదని ఎఱిగినవాడు చెవితోనే గ్రహించును. యంత్రము తిరుగకున్నను ఇది పనిచేయును. ఇరుసునకు కట్టుబడలేదు గాన, వేడికి దూరముగ ఎక్కడనైనను అమర్చవచ్చును. 1936 లో వచ్చిన రోల్స్ రాయిసు ఫాంటం త్రీ నాటికి పెద్దబండ్లకు ఇట్టి విద్యుత్ పంపులు వచ్చినవి.

ఈనాటి కార్లలో పంపు పెట్రోలు ట్యాంకులోనే మునిగియుండి, పీల్చుట మాని, వెనుకనుండి గట్టిగా నెట్టుచున్నది. ఒత్తిడిలో నున్న పెట్రోలు సులభముగ ఆవిరి కాదు. మన పిల్లలు నడుపు పాత మోటారుసైకిళ్లలో మాత్రము నేటికిని మొదటి విధమే: తొట్టి పైన, యంత్రము క్రింద. 2020 తరువాత వచ్చిన వానిలో చాలవాటికి తొట్టిలోనే పంపు వచ్చినది.

కావున, పెద్దలారా, ఇంటి పిల్లలకు రెండు మాటలు చెప్పుడు. కొండదారికి పోవునపుడు ట్యాంకును అడుగంటనీయవద్దు. వాలున ఉన్న కొద్ది పెట్రోలు ఒక మూలకు పోయి, పంపునోటికి అందదు. మునిగియున్న పంపునకు ఆ పెట్రోలే చలువ. రెండవది, పాతబండి ఎండలో ఎక్కుడున ఆగినచో, త్రిప్పి త్రిప్పి బ్యాటరీని చంపక, పంపును చల్లపఱచి కొంచెము ఓర్పు పట్టవలెను.

చౌమహల్లాలో అడిగిన ఆ పెద్దకు ఇది నా సమాధానము. అయ్యా, నూనె తనంతట పొయ్యికి పోదు. ఎత్తున నుంచి దింపవలెను, గాలితో నెట్టవలెను, శ్వాసతో పీల్చవలెను, లేక తిత్తితో కొట్టవలెను. నిజాము బండికైనను, మన పాత జీపుకైనను ఈ నాలుగే దారులు. ఏ దారియు మంచిదో చెడ్డదో సమభూమిపై తెలియదు. కొండయే తేల్చి చెప్పును. కొండ అడిగిన ప్రశ్నకు ఆనాడు జవాబు చెప్పినది నా చదువు గాదు. ఒక డ్రైవరు ఎఱుకయు, ఒక తండ్రి తలపాగాయు.